చిప్పుల కోసం చెప్పుల లైను

ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పే మనిషిని. మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. మార్కెట్ యార్డులో తేమ ఉందని వడ్లకు తరుగు తీసినట్టు, మా ఆవిడ నా మాటలకు తరుగు తీస్తుంది. ఏనుగంత ఎద్దును చూశానని నేను చెబితే, ఏ లేగదూడనో చూసి ఉంటాడని మనసులోనే సరిపెట్టుకుంటుంది. చదివే మీరు కూడా క్వింటాలుకు పది కిలోలు తీసేసి మిగిలింది పుచ్చుకోండి. ఎక్కడ తరుగు తీయకూడదో అక్కడ నేనే చెబుతాను.

ఇంకో మాట. ఇదంతా తెల్లకాగితం మీద పెన్నుతో రాస్తున్నాను. కంప్యూటర్లు తయారుచేసే మనిషికి పెన్నుతో పనేమిటని ఇప్పుడే అడగకండి.

అవును, నేను కంప్యూటర్లు తయారుచేస్తాను. జనగామ స్టేషన్ రోడ్డులో మా కర్మాగారం ఉంది. పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. ముడిసరుకు గోదాము, తయారీ విభాగం, పరిశోధన విభాగం, రిపేరుకొచ్చి మళ్ళీ లేవని ప్రింటర్ల శ్మశానం, అన్నీ అందులోనే. ఇద్దరు గిరాకీలు ఒకేసారి వస్తే వాళ్ళు లోపల కూర్చుంటారు, యజమాని బయట నిలబడతాడు.

మా కంప్యూటర్లకు ఒక బ్రాండు కూడా ఉంది. మా అమ్మ పేరే బ్రాండు. వెండిరంగు స్టిక్కరు మీద అచ్చు వేయించి డబ్బా ముందు అంటిస్తాను. లింగాల ఘనపూర్‌లో, రఘునాథపల్లిలో ఏ జిరాక్స్ షాపుకు వెళ్ళినా మా అమ్మ పేరు మెరుస్తూ కనిపిస్తుంది. ఆమెకు చదువు రాదు. తన పేరు ఇన్ని ఊళ్ళలో ఉందని తెలిస్తే ఎవరితో తగువు పెట్టుకున్నావురా అని అడిగేది.

ఆ స్టిక్కరు ఒక్కటే మాది. లోపల ఉన్నదేదీ మాది కాదు. డబ్బా ఒకచోట చేసింది, బోర్డు ఇంకోచోట చేసింది, గాలి విసిరే ఫ్యాను మరెక్కడో చేసింది. నేను వాటిని ఒకచోట చేర్చి మరలు బిగిస్తాను. వండేది వాళ్ళు, వడ్డించేది నువ్వు అంటుంది మా ఆవిడ. వడ్డన కూడా వంటలో సగమని నేను వాదిస్తాను. అన్నం లేని పంక్తిలో వడ్డనవాడు ఏం చేస్తాడని ఆమె అడిగింది ఒకసారి. ఆ ప్రశ్నకు జవాబు నాకు ఈ మధ్యనే తెలిసింది.

కంప్యూటర్‌లో అన్నం లాంటిది ప్రాసెసర్. మేం చిప్పు అంటాం. గ్లూకోజ్ బిస్కెట్ అంత ఉంటుంది. లెక్కలన్నీ చేసేది అదే. అది లేకపోతే మిగిలినదంతా కలిపి మంచి ఇనుప పెట్టె, బియ్యం పోసుకోవచ్చు. మాలాంటి వాళ్ళ కంప్యూటర్లకు పనికొచ్చే చిప్పు చేసే కంపెనీలు లోకం మొత్తం మీద రెండే. ఇందులో తరుగు తీయకండి, నిజంగానే రెండు. ఒకదాని చిప్పు ఇంకోదాని బోర్డులో కూర్చోదు. మాటల్లేని వియ్యాలవారు ఒక పంక్తిలో కూర్చోనట్టే. ఆ రెండు కంపెనీలకూ జనగామలో నేనొకణ్ణి ఉన్నానని తెలియదు. నేను మాత్రం పొద్దున లేచి వాళ్ళ సరుకు వచ్చిందా అని అడిగాకే పళ్ళు తోముకుంటాను. వానకు రైతు పేరు తెలియదు కదా, అలాగన్నమాట.

మొన్న ఎండాకాలం ముందు, భూపాలపల్లి నుంచి ఒకామె మా కర్మాగారానికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. నన్ను అన్నా అని పిలిచింది కాబట్టి నేను చెల్లె అంటాను. వాళ్ళ నాయిన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆమె ఊళ్ళో ఒక మేడ మీద హాలు కిరాయికి తీసుకుని ఆడపిల్లల కోసం కంప్యూటర్ సెంటర్ పెడుతోంది. చుట్టుపక్కల అడవి అంచు ఊళ్ళ నుంచి ముప్పై మంది పిల్లలు చేరారు. అందరూ ఒకే ఉద్యోగ పరీక్షకు కట్టారు. ఇప్పుడు ఆ పరీక్షలు కాగితం మీద పెట్టరు, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పెడతారు. ఆ ముప్పై మందిలో మౌస్ పట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదు.

పేరున్న కంపెనీవి కొనుక్కోవచ్చు కదా అని నేనే అడిగాను, వ్యాపారికి ఉండకూడని నిజాయితీతో. వాటికి ఏదైనా అయితే బాగుచేసేవాడు వచ్చేలోపు పరీక్ష అయిపోతుందని, నువ్వైతే బస్సెక్కి వస్తావని అంది. తర్వాత తన సంగతి చెప్పింది. కొన్నేళ్ళ కింద ఆమె కూడా అలాంటి పరీక్షకే వరంగల్ పోయింది.

"జవాబులన్నీ తెలుసు అన్నా. గా బాణం ఎటు పోయిందో ఎతుకుడుతోనే నా పరీక్ష అయిపోయింది" అంది.

బాణం అంటే మౌస్ కదిపితే తెర మీద కదిలే గుర్తు. ఆ మాట విన్నాక నాలోని అతిశయోక్తి పూనకం వచ్చినట్టు లేచింది. పన్నెండు కంప్యూటర్లేమిటి, నూట ఇరవై అయినా చేసి ఇస్తానన్నాను. క్లాసులు మొదలయ్యేది మూడు వారాల తర్వాత సోమవారం. పరీక్ష అక్కడి నుంచి నలభై రోజులకు. ఆదివారం సాయంత్రానికి హాలులో పన్నెండూ వెలుగుతాయని మాట ఇచ్చాను. ఆమె పన్నెండు చాలన్నా, మాట తప్పకు అని వెళ్ళింది.

డబ్బాలు వచ్చాయి. బోర్డులు వచ్చాయి. తెరలు వచ్చాయి. ముడిసరుకుతో కర్మాగారం ఎంత నిండిందంటే, నన్ను చూడటానికి వచ్చినవాళ్ళు నా గొంతు విని వెళ్ళేవాళ్ళు. చిప్పులు మాత్రం రాలేదు. మాకు చిప్పులు ఇచ్చేది సికింద్రాబాద్‌లో ఒక సేటు. ఫోన్ చేస్తే రేపు అన్నాడు. మర్నాడు చేస్తే మళ్ళీ రేపే అన్నాడు. సేటు నోట్లో ఉన్నన్ని రేపులు ఏ క్యాలెండర్‌లోనూ లేవు. కారణం అడిగితే, ఎక్కడో మనుషుల్లా మాట్లాడే యంత్రాల కోసం ఊళ్ళంత గోదాములు కడుతున్నారట, కంపెనీల సరుకంతా అటే పోతోందట. మనిషిలా మాట్లాడటానికి అంత సరుకెందుకు, మా బావకు ఒక్క కప్పు చాయ్ పోస్తే చాలదా అనుకున్నాను.

బావ అంటే మా అక్క భర్త. మహబూబాబాద్ దగ్గర గూడూరులో మిర్చి పండిస్తాడు. రెండు వారాలు గడిచి, మూడో వారం సగం అయ్యాక, బుధవారం పొద్దున, నా బాధ ఎవరితోనైనా చెప్పుకోకపోతే పొట్ట పగిలేట్టుందని ఆయనకు ఫోన్ చేశాను. ఆయన చేను దగ్గర ఉన్నాడు. అక్కడ సిగ్నల్ చింతచెట్టు కింద ఒకమాట, గట్టు మీద ఒకమాట వినిపిస్తుంది. భూపాలపల్లిలో ఆడపిల్లలు ఎదురుచూస్తున్నారని, పన్నెండు కావాలని, ఎక్కడా దొరకడం లేదని చెప్పాను. ఏం దొరకడం లేదని అడిగాడు. చిప్పులు అన్నాను. ఏందీ అన్నాడు. చిప్పులు చిప్పులు అని అరిచాను. అట్లనా, గంతేనా, పరేషాన్ గాకు అని పెట్టేశాడు. ఆ ఓదార్పుకు నాకు కళ్ళు చెమర్చాయి.

గురువారం పొద్దున మొదటి రైలుకు బావ జనగామలో దిగాడు. భుజాన యూరియా సంచి. తిన్నగా షాపుకు వచ్చి బల్ల మీద బోర్లించాడు. ఆడపిల్లల చెప్పులు. కొత్తవి. పన్నెండు జతలు.

"పన్నెండు చెప్పులంటే ఆరు జతలా, పన్నెండు జతలా అని మీ అక్కా నేనూ శానసేపు ఆలోశించినం. ఒంటి చెప్పు ఎవలడుగుతరని పన్నెండు జతలే తెచ్చిన. గూడూరుల లెవ్వు, మానుకోట దాక పోయిన" అన్నాడు. మానుకోట అంటే మహబూబాబాదే.

సైజులు ఎలా తెలిశాయని అడిగాను, ఇంకేం అడగాలో తోచక. పిల్లల కాళ్ళ కొలతలు ఫోన్‌లో అడగలేదు కాబట్టి మా అక్క కాలి కొలతకు తెచ్చాడట. పన్నెండూ ఒకే సైజు.

మా ఆవిడ నవ్వుతూ షాపు వెనక ఉన్న ఇంట్లోకి వెళ్ళింది. ఆ నవ్వు రఘునాథపల్లి దాకా వినిపించి ఉంటుంది. నేను ఒక బోర్డు తీసి, చిప్పు కూర్చోవలసిన ఖాళీ చోటు బావకు చూపించి విషయమంతా చెప్పాను. ఆయన సిగ్గుపడతాడనుకున్నాను. సిగ్గుపడలేదు. ఆ ఖాళీ చోటును చాలాసేపు చూశాడు.

మాది గూడ గంతే అన్నాడు. వాళ్ళ తాత మిరపగింజ గురిగిలో, చిన్న మట్టికుండలో, దాచుకుని మరుసటి ఏడాది చల్లేవాడట. ఇప్పుడు గురిగి లేదు, దాచే గింజా లేదు. కంపెనీ ప్యాకెట్ రావాలి. అందులోనూ అందరికీ ఒకటే రకం కావాలి, అది ఎప్పుడూ దొరకదు. చేను తనది, నీళ్ళు తనవి, రెక్కలు తనవి, గింజ మాత్రం ఎవడిదో. నేను నా స్టిక్కరు సంగతి చెప్పాను. ఇద్దరం ఒకే గోత్రమని తేలింది.

"ఇంతకూ లైన్ల నిలబడ్డవా, ఫోన్ల నిలబడ్డవా?" అని అడిగాడు బావ.

ఫోన్‌లోనే అన్నాను.

"యూరియా ఎన్నడన్న ఫోన్ల దొరికిందా బామ్మర్ది? పా, పోదాం."

చెప్పులన్నీ మళ్ళీ సంచిలో వేసుకున్నాడు. ఎందుకని అడిగితే, ఏమో, లైనంటే చెప్పులుండాలె అన్నాడు. మా ప్రాంతం వాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. యూరియా కొరత వచ్చినప్పుడు ఎరువుల దుకాణం ముందు మనిషికి బదులు చెప్పులు లైన్‌లో నిలబడతాయి. చెప్పులు విడిచి, గాలికి కదలకుండా ఒక రాయి పెట్టి, మనిషి వెళ్ళి నీడన కూర్చుంటాడు. ఆ చెప్పుల ముందుకు ఎవరూ దూరరు. చెప్పును గౌరవించినంతగా మనిషిని మావాళ్ళు గౌరవిస్తారో లేదో నాకు అనుమానమే.

మేం సికింద్రాబాద్ చేరేసరికి సేటు దుకాణం షట్టర్ ఇంకా తీయలేదు. ముందర ఎవరూ లేరు. లైను లేదు కదా అన్నాను. లేకుంటే ఎయ్యాలె అన్నాడు బావ. షట్టర్ అంచు నుంచి మొదలుపెట్టి పన్నెండు జతలూ ఒకదాని వెనక ఒకటి పేర్చాడు. రాళ్ళ కోసం వెతికాడు. ఆ బజారులో రాయి ఎక్కడ దొరుకుతుంది, పక్క దుకాణం వాళ్ళు పారేసిన పాత కీబోర్డులు తెచ్చి బరువు పెట్టాడు.

ఇక చూడండి. వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒకతను చెప్పుల వరుస చూసి, అడక్కుండానే దాని వెనక నిలబడ్డాడు కాని, రెండు నిమిషాల్లో ఓపిక లేక వెళ్ళిపోయాడు. తర్వాత ఖమ్మం వైపు నుంచి ఒక పెద్దాయన పాత కంప్యూటర్ డబ్బా చంకన పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆయన్ను చూసి ఇంకొకరు, ఆయన్ను చూసి మరొకరు. లైను సందు మలుపు తిరిగి, పెద్ద రోడ్డు దాటి, హుస్సేన్ సాగర్ నీళ్ళు తాకింది. ఇక్కడ తరుగు మీ ఇష్టం.

సేటు వచ్చాడు. తన జీవితంలో చిప్పుల కోసం లైను చూడటం అదే మొదటిసారి కాబోలు, స్కూటర్ మీద నుంచి దిగడం మరచిపోయాడు. షట్టర్ తీస్తుంటే తెలిసింది, ముందురోజే కొంచెం సరుకు వచ్చింది. ఎవరూ దాచిపెట్టకుండా మనిషికి ఒక్కటే ఇస్తానని ముందే చెప్పేశాడు. మేమిద్దరం లైను బయట నిలబడ్డాం. మా పక్కన పన్నెండు జతలు.

ఈ చెప్పులు ఎవరివని సేటు అడిగాడు. మావోళ్ళవి అన్నాడు బావ. వాళ్ళెక్కడ అంటే భూపాలపల్లిలో అన్నాడు. సేటు ఒక జత చేతిలోకి తీసుకున్నాడు. కొత్త చెప్పు, అడుగున మట్టి లేదు, దుకాణం చీటీ ఇంకా అంటుకునే ఉంది. పన్నెండూ ఒకే సైజు. సేటుకు నలభై ఏళ్ళ వ్యాపారం. అన్నీ అర్థమయ్యాయి.

"ఏం పటేలా, గీ చెప్పులకు నేను చిప్పులియ్యాల్నా?"

"చెప్పులకు ఎందుకిస్తవ్ సేటూ, కాళ్ళకియ్యి" అన్నాడు బావ. "గా కాళ్ళు నలభై రోజులల్ల పరీక్షకు నడవాలె."

అప్పుడు నేను అందుకుని, ముప్పై మంది పిల్లల సంగతి, బాణం దొరకని చెల్లె సంగతి చెప్పాను. ఆశ్చర్యం ఏమిటంటే ఒక్క మాట కూడా పెంచలేదు. పెంచడానికి అందులో చోటు కనిపించలేదు. ఇన్ని రోజులు ఫోన్‌లో ఇదెందుకు చెప్పలేదని సేటు నన్నే కసిరాడు. ఫోన్‌లో నేను పన్నెండు కావాలని మాత్రమే చెప్పాను. ఎందుకో చెప్పలేదు. తయారీదారుణ్ణి కదా, దర్జా అడ్డొచ్చింది.

సేటు లోపలికి వెళ్ళి చిప్పులు తెచ్చాడు. పన్నెండు జతల చెప్పులకు పన్నెండు చిప్పులు. ఖమ్మం పెద్దాయనకు కూడా ఎక్కడో అల్మారా మూల నుంచి ఒకటి తీశాడు. వెనక ఉన్నవాళ్ళకు సాయంత్రం ఇంకో పార్సిల్ వస్తుందని చెబితే, వాళ్ళు నమ్మకంగా తమ చెప్పులు విడిచి చాయ్‌కి వెళ్ళారు. మా జిల్లా ఆచారం రాజధానికి అలా పాకింది.

అయితే సేటు ఊరికే వదల్లేదు. లింకు పెట్టాడు. లింకు అంటే కావలసిన సరుకుతోపాటు అమ్ముడుపోని సరుకు అంటగట్టడం. బావకు ఇది కొత్త కాదు, యూరియా బస్తాతో ఏవో సీసాలు అంటగట్టించుకున్న చేతులు. సేటు అంటగట్టింది పన్నెండు మౌసులు. కదిపితే ఎర్రగా, ఆకుపచ్చగా వెలుగుతాయి. పెళ్ళి ఊరేగింపుకు తప్ప పనికిరావని నేను వద్దన్నాను. బావ సంచి తెరిచి పట్టుకున్నాడు.

శుక్ర, శనివారాలు నేను పని చేసిన తీరు చూస్తే ఆ రెండు కంపెనీలవాళ్ళూ నన్ను దత్తత తీసుకునేవాళ్ళు. చిప్పు మూల మీద చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. దాన్ని బోర్డు మీది గుర్తుకు కలిపి వదిలితే తనంతట తానే కూర్చుంటుంది, నొక్కకూడదు. పైన పచ్చడి మెతుకంత పేస్టు పెట్టి, ఫ్యాను బిగించాలి. బావ పక్కన కూర్చుని ప్రతి చిప్పునూ నారు పెట్టేటప్పుడు చూసినట్టు చూశాడు. డబ్బాల మీద మా అమ్మ పేరు ఆయనే అంటించాడు. నాలుగు తలకిందులుగా అంటించాడు.

ఆదివారం వ్యాను మాట్లాడుకుని హన్మకొండ, పరకాల మీదుగా భూపాలపల్లి చేరాం. చెల్లె మెట్ల మీదే నిలబడి ఉంది. ఒక్కో డబ్బా మెట్లెక్కుతుంటే లెక్కపెట్టింది. పన్నెండో డబ్బా పైకి వెళ్ళాకే, మంచినీళ్ళు తాగుతావా అన్నా అని అడిగింది. ఆ గొంతులో ఎన్ని రోజుల దాహం ఉందో నాకు తెలిసింది.

సాయంత్రానికి పన్నెండూ వెలిగాయి. సోమవారం క్లాసు చూసే వెళ్దామని బావ పట్టుబట్టి ఉండిపోయాం. పొద్దున పిల్లలు వచ్చి గుమ్మం బయట చెప్పులు విడిచారు. ఒకదాని వెనక ఒకటి ముప్పై జతలు. బావ నన్ను మోచేత్తో పొడిచి చూపించాడు. తను తెచ్చిన పన్నెండు జతలూ పిల్లలకే ఇచ్చాడు. మా అక్క సైజు కాలున్నవాళ్ళు పన్నెండు మంది తేలతారో లేదోనని ఆయన భయపడ్డాడు కాని, కాళ్ళు చెప్పులకు బాగానే సర్దుకున్నాయి.

ముందు వరుసలో ఒక పిల్ల మౌస్‌ను గాల్లోకి ఎత్తి తెరకు చూపించింది. బాణం కదల్లేదు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే మిగిలినవాళ్ళూ అదే చేయబోతున్నారు. చెల్లె వెళ్ళి ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి బల్ల మీదికి దింపింది. బాణం తెర మధ్యకు వచ్చి ఆగింది. దొరికింది చూడు, ఇగ ఇడువకు అంది చెల్లె. అప్పుడు మా బావ గోడవైపు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చెమట అన్నాడు. అది ఎండాకాలమే, నమ్మొచ్చు.

లింకు మౌసులు కూడా వృథా పోలేదు. చెల్లె వాటిని వంతులవారీగా పిల్లల చేతికిచ్చి ఇంటికి పంపింది. ఒకమ్మాయి చాట బోర్లించి దాని మీద వెలగని మౌస్‌ను తిప్పుతూ చెయ్యి అలవాటు చేసుకుందట. వాళ్ళ అవ్వ చూసి ఏందే అది అంటే, నౌకరీ అందట. పరీక్ష అయింది. ఫలితం ఇంకా రాలేదు. కాని ముప్పై మందిలో బాణం దొరక్క ఆగిపోయినవాళ్ళు ఒక్కరూ లేరని చెల్లె ఫోన్ చేసి చెప్పింది. ఇక్కడ గింజ కూడా తరుగు తీయకండి.

ఇప్పుడు నా కల్పన సంగతి. చెప్పుల లైను నిజం, లింకు నిజం, తలకిందులుగా అంటించిన మా అమ్మ పేరు నిజం. సేటు దగ్గర పన్నెండు చిప్పులు వచ్చాయన్నది మాత్రం నేను కల్పించాను. మాకు పదకొండే వచ్చాయి. అల్మారా మూలలో ఏమీ లేదు. సేటు లెక్కపెట్టి, చివరి జత దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఒక్కటే మిగిలింది. ఆ జత వెనక ఖమ్మం పెద్దాయన డబ్బా చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బావ వంగి ఆ జత తీసి సంచిలో వేసుకున్నాడు.

"మనిషి నిలబడ్డ కాడ చెప్పు ముందలుండొద్దు బామ్మర్ది" అన్నాడు.

దారి పొడుగునా బావను తిడుతూనే వచ్చాను నేను. పన్నెండోది నా షాపు బల్ల మీది కంప్యూటర్‌లోంచి తీశాను, ఆదివారం పొద్దున, వ్యాను రాకముందు. కంప్యూటర్లు తయారుచేసేవాడికే కంప్యూటర్ లేదంటే జనగామలో నవ్వుతారని ఆ సంగతి దాచాను. సేటు సరుకు రేపు వస్తుందంటున్నాడు. అందాకా ఈ పెన్ను.

మా ఆవిడ ఈ కాగితాలన్నీ చదివింది. మొదటిసారి తరుగు తీయలేదు. పైగా ఒక కిలో కలిపింది. సొంత చిప్పును మూడుసార్లు తీసి మళ్ళీ పెట్టావు, అది కూడా రాయి అంది. అది అబద్ధం. రెండుసార్లే పెట్టాను.